ఇన్సులిన్ అవసరం తగ్గిన రోజులు: బాల్య మధుమేహంలో పాక్షిక ఉపశమన దశ

టైప్‌-1 మధుమేహం ఉన్నట్లు కొత్తగా తేలిన పిల్లల్లో, ఇన్సులిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టిన కొన్ని రోజులకో వారాలకో, తల్లిదండ్రులు ఊహించని మార్పు ఒకటి తరచుగా కనిపిస్తుంది. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన కొత్తలో రోజుకు 20 యూనిట్ల దాకా అవసరమైన ఇన్సులిన్ క్రమంగా 15కు, 10కి, కొందరిలో నాలుగైదు యూనిట్లకు దిగిపోతుంది. అంత తక్కువ మోతాదులోనూ రక్తంలో చక్కెర దాదాపు మామూలు పిల్లల స్థాయిలోనే నిలుస్తుంది. చిక్కిపోయిన ఒళ్లు తిరిగి వస్తుంది, అతిదాహం పోతుంది, పిల్లలు మళ్లీ ఆటల్లో పడతారు. వైద్యశాస్త్రం దీనిని పాక్షిక ఉపశమన దశ అంటుంది. ఆస్పత్రుల్లో వాడుకగా హనీమూన్ ఫేజ్ అంటారు. వ్యాధి వెనుదిరిగినట్లు కనిపించే ఈ కాలంలో నిజానికి వ్యాధి ఎక్కడికీ పోలేదనీ, బిడ్డ కోలుకోవడానికి ముఖ్య కారణం రోజూ ఇస్తున్న ఇన్సులినే అనీ తెలియక, దాన్ని ఆపివేసే కుటుంబాలు ఉన్నాయి. అందువల్ల ఈ దశ ఎందుకు వస్తుందో, ఎంతకాలం ఉంటుందో, ఎందుకు ముగుస్తుందో ప్రతి తల్లికీ తండ్రికీ, ఆ పిల్లలకు పాఠం చెప్పే ఉపాధ్యాయులకూ తెలిసి ఉండడం అవసరం.

షుగరు వ్యాధి అనగానే మన ఇళ్లల్లో గుర్తుకు వచ్చేది నడివయసు పెద్దలకు వచ్చే టైప్‌-2 మధుమేహం. అందులో ఇన్సులిన్ తయారవుతూనే ఉంటుంది గాని శరీరం దానికి సరిగా స్పందించదు. టైప్‌-1 మధుమేహం మూలంలోనే వేరు. జీర్ణాశయం వెనుక ఒదిగి ఉండే క్లోమగ్రంథిలో, అక్కడక్కడ దీవుల్లా చెదిరి ఉన్న కణ సమూహాలను 1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి వర్ణించాడు. ఆయన పేరుతోనే వాటిని లాంగర్‌హాన్స్ పుటికలు అంటున్నారు. ఈ పుటికల్లో ఉండే బీటా కణాలు మాత్రమే శరీరానికి కావలసిన ఇన్సులిన్‌ను తయారు చేస్తాయి. బయటి నుంచి వచ్చే సూక్ష్మజీవులను ఎదుర్కోవలసిన రోగనిరోధక వ్యవస్థ, వంశపారంపర్య లక్షణాలూ పరిసరాల ప్రభావాలూ కలిసి కలిగించే ఒక అయోమయంలో, సొంత బీటా కణాలనే శత్రువులుగా ఎంచి నాశనం చేయడమే టైప్‌-1 మధుమేహం. పిల్లలు మిఠాయిలు ఎక్కువ తిన్నందువల్లనో, తల్లి గర్భిణిగా ఉన్నప్పుడు పథ్యం తప్పినందువల్లనో ఇది రాదు. ఆ నిందను మోయవలసిన తల్లి ఎక్కడా లేదు.

ఈ విధ్వంసం ఒక్క రోజులో జరిగేది కాదు. లక్షణాలు బయటపడడానికి నెలల ముందు, చాలామందిలో ఏళ్ల ముందు, బీటా కణాల భాగాలకు వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీలు రక్తంలో కనిపిస్తాయి. అలాంటి యాంటీబాడీలు రెండో అంతకంటే ఎక్కువో ఉండి, చక్కెర ఇంకా మామూలుగా ఉన్న స్థితిని మొదటి దశగానూ, చక్కెర నియంత్రణ తప్పడం మొదలైనా లక్షణాలు లేని స్థితిని రెండవ దశగానూ, దాహం, అతిమూత్రం, బరువు తగ్గడం వంటి లక్షణాలతో వ్యాధి బయటపడిన స్థితిని మూడవ దశగానూ ఇప్పుడు వర్గీకరిస్తున్నారు. పాక్షిక ఉపశమనం మూడవ దశ ఆరంభంలో వచ్చేది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది: వ్యాధి బయటపడిన రోజున బీటా కణాలన్నీ చచ్చిపోయి ఉండవు. కొన్ని నశించి ఉంటాయి, కొన్ని దాడికి గురవుతూ ఉంటాయి, మరికొన్ని బతికి ఉండీ పని చేయలేని స్థితిలో ఉంటాయి. మిగిలినవి ఎన్ని అన్నది బిడ్డ వయసును బట్టి చాలా మారుతుంది. పసివయసులో దాడి తీవ్రంగా, వేగంగా సాగి మిగిలేవి తక్కువగా ఉంటే, కౌమారంలో వ్యాధి బయటపడినవారిలో సాధారణంగా ఎక్కువ కణాలు మిగిలి ఉంటాయి.

బతికి ఉన్న కణాలు ఎందుకు పని మానుకుంటాయన్నదే ఈ దశకు తాళపుచెవి. రక్తంలో చక్కెర వారాల తరబడి 300, 400 మిల్లీగ్రాముల స్థాయిలో ఉన్నప్పుడు ఆ చక్కెరే బీటా కణానికి విషమవుతుంది. సగం సంఖ్యకో పావు సంఖ్యకో తగ్గిపోయిన కణాల మీద మొత్తం శరీరపు భారం పడడంతో, అవి శక్తికి మించి ఇన్సులిన్ తయారు చేయబోయి, తమలో నిల్వ ఉన్నది కాస్తా ఖర్చు చేసి, చివరకు చక్కెర పెరిగినా స్పందించని స్థితికి చేరుకుంటాయి. దీనిని వైద్యులు గ్లూకోజు విషప్రభావం అంటారు. అదే సమయంలో రక్తంలో పేరుకున్న కొవ్వు ఆమ్లాలు, జబ్బు ఒత్తిడికి ఊరిన ఇతర హార్మోన్లు కండరాలనూ కాలేయాన్నీ ఇన్సులిన్‌కు లొంగకుండా చేస్తాయి. అంటే ఇన్సులిన్ తయారీ పడిపోయిన వేళకే దాని అవసరం పెరిగి కూర్చుంటుంది. బయటి నుంచి ఇన్సులిన్ ఇవ్వడం మొదలుపెట్టగానే ఈ రెండు కొసలూ ఒకేసారి సర్దుకుంటాయి: చక్కెర తగ్గి విషప్రభావం తొలగిపోతుంది, కణాలకు విశ్రాంతి దొరుకుతుంది, కండరాలు మళ్లీ ఇన్సులిన్‌కు స్పందిస్తాయి. ఎత్తుగడ్డ ఎక్కలేక చతికిలబడిన ఎద్దు, మెడ మీది బరువు సగం దించితే లేచి నడిచినట్లు, మిగిలిన బీటా కణాలు మళ్లీ పనిలోకి దిగుతాయి. దీనికి తోడు, రోగనిరోధక వ్యవస్థలో దాడిని అదుపు చేసే నియంత్రక టీ కణాల పాత్ర కూడా ఈ కాలంలో కొంత ఉంటుందని పరిశోధకులు భావిస్తున్నారు గాని, ఆ అదుపు దాడిని శాశ్వతంగా ఆపేటంత బలమైనది కాదు. దాడి నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది.

ఈ దశలో ఉన్న బిడ్డను గుర్తించడానికి వైద్యులు రెండు అంకెలను కలిపి చూస్తారు. మొదటిది రోజు మొత్తం మీద ఇస్తున్న ఇన్సులిన్‌ను బిడ్డ బరువుతో భాగిస్తే వచ్చేది, కిలోకు 0.5 యూనిట్ల కంటే తక్కువ ఉండాలి. రెండవది హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు చక్కెరను ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న గ్లూకోజు ద్వారా చెప్పే పరీక్ష. అది 7 శాతం కంటే తక్కువ ఉండాలి. ఈ రెండు హద్దులూ వేర్వేరుగా ఉండడం వల్ల, మోతాదు తగ్గించినందువల్ల చక్కెర పెరిగిన బిడ్డకూ, నిజంగానే సొంత ఇన్సులిన్ ఊరుతున్న బిడ్డకూ తేడా కొన్నిసార్లు స్పష్టం కాదు. అందువల్ల హ్విడోర్ అధ్యయన బృందం అనే అంతర్జాతీయ వైద్యుల సమూహం, 15 దేశాల్లోని 18 కేంద్రాల్లో 275 మంది పిల్లలను వ్యాధి బయటపడిన నాటి నుంచి ఏడాది పాటు పరిశీలించి, 2009లో ఒక సూత్రాన్ని ప్రతిపాదించింది. హెచ్‌బీఏ1సీ శాతానికి, కిలో బరువుకు ఇస్తున్న రోజువారీ ఇన్సులిన్ యూనిట్లను నాలుగు రెట్లు చేసి కలిపితే, మొత్తం 9 గాని అంతకు తక్కువ గాని వచ్చిన బిడ్డ పాక్షిక ఉపశమనంలో ఉన్నట్లు. ఉదాహరణకు 25 కిలోల బిడ్డకు రోజుకు 10 యూనిట్లు ఇస్తూ హెచ్‌బీఏ1సీ 6.8 ఉంటే, కిలోకు 0.4 యూనిట్లు, దాని నాలుగు రెట్లు 1.6, మొత్తం 8.4, ఉపశమనం కొనసాగుతోందని అర్థం. ఏడాది తర్వాత 28 కిలోలకు పెరిగిన అదే బిడ్డకు 21 యూనిట్లు పడుతూ హెచ్‌బీఏ1సీ 7.6కు చేరితే మొత్తం 10.6 అవుతుంది, ఆ దశ ముగిసిందన్నమాట. కాగితం మీద తల్లిదండ్రులే వేసుకోగలిగినంత సులువైన లెక్క ఇది.

క్లోమం ఎంత ఇన్సులిన్ తయారు చేస్తోందో నేరుగా చెప్పేది సీ-పెప్టైడ్ పరీక్ష. బీటా కణం మొదట ప్రోఇన్సులిన్ అనే పెద్ద అణువును తయారు చేసి, దానిని తుంచి ఇన్సులిన్‌నూ, సీ-పెప్టైడ్ అనే ముక్కనూ సమాన సంఖ్యలో రక్తంలోకి వదులుతుంది. ఇంజెక్షన్‌గా ఇచ్చే ఇన్సులిన్‌లో ఈ ముక్క ఉండదు కాబట్టి, రక్తంలో సీ-పెప్టైడ్ ఎంత ఉంటే సొంత తయారీ అంత ఉన్నట్లు. హ్విడోర్ సూత్రంలోని 9 అనే హద్దు కూడా, ఆహారం తీసుకున్న తర్వాత లీటరుకు 300 పికోమోల్స్ కంటే ఎక్కువ సీ-పెప్టైడ్ ఉండే స్థితికి సరిపోయేలా ఎంచుకున్నదే. ఈ లెక్కల్లో మన ప్రాంతానికి సంబంధించిన జాగ్రత్త ఒకటి చెప్పుకోవాలి. ఇనుము లోపం వల్ల రక్తహీనత ఉన్న పిల్లల్లో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. సికిల్ సెల్ వంటి జబ్బుల్లో, ఎర్ర కణాలు త్వరగా నశించడం వల్ల, తక్కువగా కనిపించవచ్చు. రక్తహీనత అధికంగా ఉన్న మన గ్రామాల్లోనూ, సికిల్ సెల్ కనిపించే మన్యం, ఏజెన్సీ ప్రాంతాల్లోనూ హెచ్‌బీఏ1సీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఇంట్లో గ్లూకోమీటరుతో రాసుకున్న అంకెలను కూడా వైద్యుల ముందు పెట్టాలి.

ఈ ఉపశమనం అందరు పిల్లలకూ రాదు. ఏ కొలమానం వాడారన్నదాన్ని బట్టి అధ్యయనాల ఫలితాలు మారుతున్నా, సుమారు మూడో వంతు నుంచి సగానికి పైగా పిల్లల్లో ఇది కనిపిస్తుందని చెప్పవచ్చు. సాధారణంగా ఇన్సులిన్ మొదలుపెట్టిన మూడు నెలల లోపే వస్తుంది. కొందరిలో కొన్ని వారాలకే ముగుస్తుంది, చాలామందిలో నెలల తరబడి సాగుతుంది, అరుదుగా రెండేళ్లు కూడా దాటుతుంది. ఇన్సులిన్ పూర్తిగా అక్కర్లేని సంపూర్ణ ఉపశమనం చాలా అరుదు, అది కూడా తాత్కాలికమే. అయిదేళ్ల లోపు పసివాళ్లలో ఈ దశ వచ్చే అవకాశం తక్కువ, వచ్చినా కొద్దికాలమే. అన్నిటికంటే ముఖ్యంగా, వ్యాధి బయటపడే నాటికే డయాబెటిక్ కీటోఅసిడోసిస్ అనే ప్రమాద స్థితికి చేరిన పిల్లల్లో ఉపశమనం రావడం తక్కువని అనేక దేశాల అధ్యయనాలు చూపాయి. ఇన్సులిన్ బొత్తిగా లేనప్పుడు శరీరం గ్లూకోజును వాడుకోలేక కొవ్వును కాల్చుకుంటుంది, అప్పుడు పుట్టే కీటోన్లు రక్తాన్ని ఆమ్లమయం చేస్తాయి. వాంతులు, కడుపునొప్పి, లోతైన ఆయాసపు శ్వాస, మగత వచ్చి, చికిత్స అందకపోతే ప్రాణం పోతుంది. బిడ్డ వయసునూ వంశ లక్షణాలనూ ఎవరూ మార్చలేరు. కీటోఅసిడోసిస్ దాకా పోకుండా ముందే వ్యాధిని పట్టుకోవడం మాత్రం మనుషుల చేతుల్లో ఉన్న పని.

ఇప్పుడు అన్నిటికంటే గట్టిగా చెప్పవలసిన మాట. పాక్షిక ఉపశమనంలో ఇన్సులిన్ మోతాదు తగ్గించవచ్చు, ఆపకూడదు. మోతాదు తగ్గుతున్న కొద్దీ ‘అసలు జబ్బే లేదేమో, పరీక్ష తప్పయిందేమో’ అనే ఆశ తల్లిదండ్రుల్లో మొలకెత్తడం ఎంత సహజమో, ఆ ఆశను సొమ్ము చేసుకునేవాళ్లు దొరకడం అంత సులభం. ఏ పసరు మందో పొడో ఇచ్చి, ఇన్సులిన్ క్రమంగా తగ్గించమని చెప్పేవారి దగ్గరకు బిడ్డను సరిగ్గా ఈ దశలోనే తీసుకువెళితే, మందు ఇచ్చినా ఇవ్వకపోయినా తగ్గవలసిన ఇన్సులిన్ అవసరం మందు వల్లనే తగ్గినట్లు కనిపిస్తుంది. ఆ ఒక్క బిడ్డ పేరు చెప్పుకుని మరి పదిమంది తల్లిదండ్రులు అదే గుమ్మం తొక్కుతారు. కొన్ని వారాల తర్వాత మిగిలిన బీటా కణాలు అలసిపోయి, ఒక చిన్న జ్వరమో విరేచనాలో తోడై, బిడ్డ కీటోఅసిడోసిస్‌తో అత్యవసర విభాగానికి చేరినప్పుడు మాత్రం ఆ మందు పేరు ఎవరూ తలవరు. టైప్‌-1 మధుమేహాన్ని నయం చేసే మూలిక గాని మాత్ర గాని పథ్యం గాని ఈనాటికి లేదు. ఇన్సులిన్ లేని కాలంలో ఈ వ్యాధి వచ్చిన పిల్లలు కొన్ని వారాలో నెలలో, కఠినమైన పస్తులతో మహా అయితే ఒకటి రెండేళ్లో బతికేవారు. 1922 జనవరి 11న టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల బాలుడికి మొదటి ఇన్సులిన్ ఇంజెక్షన్ ఇచ్చేదాకా ప్రపంచమంతటా వాళ్ల స్థితి అదే. ఇన్సులిన్ మానిపించిన బిడ్డను ఆ కాలానికే తిరిగి పంపినట్లవుతుంది.

రోజుకు రెండు మూడు యూనిట్లే సరిపోతున్నా ఎందుకు కొనసాగించాలన్న ప్రశ్న సహేతుకమైనదే. కణాల మీది భారాన్ని కొంతైనా పంచుకోవడం, చక్కెర మళ్లీ విషస్థాయికి చేరకుండా చూడడం, జ్వరం వంటివి వచ్చి అవసరం ఉన్నట్టుండి పెరిగిన రోజున బిడ్డ నిరాయుధంగా ఉండకుండా చూడడం వైద్యులు చెప్పే కారణాలు. అంతకు తక్కువ కాని కారణం మరొకటి ఉంది: ఇంజెక్షన్ అలవాటు ఒకసారి తప్పిన బిడ్డకు, ఆరు నెలల తర్వాత దాన్ని మళ్లీ మొదలుపెట్టడం వ్యాధి రెండోసారి వచ్చినంత దుఃఖం కలిగిస్తుంది.

అలాగని మోతాదు తగ్గించకుండా ఉండడమూ ప్రమాదమే. సొంత ఇన్సులిన్ తిరిగి ఊరుతున్న వేళ ఆస్పత్రిలో రాసిచ్చిన పాత మోతాదే ఇస్తూ పోతే చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే కిందికి పడిపోయి, చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి, ముఖం పాలిపోవడం, చికాకు వంటి లక్షణాలు వస్తాయి. ఇంకా తగ్గితే మూర్ఛ, స్పృహ తప్పడం సంభవిస్తాయి. అందువల్ల మొదటి వారాల్లో రోజుకు నాలుగైదు సార్లు, అవసరమైతే అర్ధరాత్రి కూడా, గ్లూకోమీటరుతో పరీక్ష చేసి, ఆ అంకెలను నోటుపుస్తకంలో రాసి, ఒకటి రెండు రోజులకొకసారి వైద్యులతో ఫోనులోనైనా మాట్లాడి మోతాదు సవరించుకోవాలి. లో షుగరు లక్షణాలు కనిపించగానే ఇవ్వడానికి గ్లూకోజు పొడి గాని పంచదార గాని బడి సంచిలోనూ ఉండాలి, టీచరు బల్ల సొరుగులోనూ ఉండాలి. ఈ దశలో కొలిచే మోతాదులు చిన్నవి కాబట్టి సిరంజి విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవీ, 100 యూనిట్లవీ రెండు రకాలూ దొరుకుతాయి. ఎర్ర మూత సిరంజి 40 యూనిట్ల సీసాకు, నారింజ మూత సిరంజి 100 యూనిట్ల సీసాకు. ఒకదానికి మరొకటి వాడితే మోతాదు రెండున్నర రెట్లు పెరగడమో తగ్గడమో జరుగుతుంది. నాలుగు యూనిట్లు పడవలసిన బిడ్డకు పది పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. మందుల దుకాణంలో సీసాతో పాటు సిరంజి మూత రంగు కూడా చూసి తీసుకోవడం ఇంటిల్లిపాదికీ నేర్పాలి.

ఉపశమనం ముగియడం మొదలైనప్పుడు అన్నం అదే, మోతాదు అదే, ఆట అదే, అయినా ఉదయం చక్కెర 120 నుంచి 180కి, తర్వాత 220కి పాకుతుంది. పెరిగే వయసులో ఉన్న, ఇంకా యవ్వనారంభానికి రాని పిల్లలకు సాధారణంగా కిలోకు రోజుకు 0.7 నుంచి 1 యూనిట్ వరకు అవసరమవుతుంది. యవ్వనారంభంలో ఎదుగుదల హార్మోన్ల ప్రభావం వల్ల అది 1.2, 1.5, ఒక్కోసారి ఇంకా ఎక్కువకు చేరుతుంది. మోతాదు పెరగడాన్ని వ్యాధి ముదిరినట్లుగానో, పెంపకంలో ఏదో లోపం జరిగినట్లుగానో చాలా కుటుంబాలు భావిస్తాయి. పండక్కి పెట్టిన అరిసె ముక్కను తలచుకుని అమ్మమ్మలు కంటతడి పెడతారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. మొదట్లోనే వైద్యులు ‘ఇది కొన్ని నెలల వెసులుబాటు, ఆ తర్వాత మోతాదు పెరుగుతుంది, అది మామూలే’ అని చెప్పి ఉంటే ఈ వేదనలో సగం తప్పుతుంది; చెప్పడానికి పట్టేది అయిదు నిమిషాలు. వెసులుబాటు ఉన్న ఆ నెలల్లోనే అన్నం, ఇడ్లీ, అరటిపండు, పాలు ఒక్కొక్కటి చక్కెరను ఎంత పెంచుతాయో గమనించి రాసుకోవడం, ఇంజెక్షన్ చోట్లు మార్చడం, జ్వరం వచ్చినప్పుడు మూత్రంలో కీటోన్లు పరీక్షించడం నేర్చుకున్న కుటుంబం, తర్వాతి కష్టకాలాన్ని నిబ్బరంగా దాటుతుంది.

కొన్ని నెలలే నిలిచే ఈ ఉపశమనం వల్ల శాశ్వతమైన మేలు ఏమైనా ఉందా అన్న ప్రశ్నకు సమాధానం అవుననే వస్తోంది. అమెరికా, కెనడాల్లో 1,441 మంది మీద 1983 నుంచి 1993 వరకు సాగిన డీసీసీటీ అనే సుప్రసిద్ధ అధ్యయనంలో, చక్కెరను గట్టిగా అదుపులో పెట్టిన వారిలో కంటి, మూత్రపిండాల, నరాల సమస్యలు గణనీయంగా తగ్గాయి గాని, తీవ్రమైన లో షుగరు ప్రమాదం పెరిగింది. ఆ అధ్యయనంలోనే, కొద్దిపాటి సీ-పెప్టైడ్ మిగిలి ఉన్నవారిలో లో షుగరు ప్రమాదమూ, కంటి పొర దెబ్బతినడమూ తక్కువగా ఉన్నాయని తర్వాతి విశ్లేషణలు చూపాయి. బోస్టన్‌లోని జోస్లిన్ కేంద్రం 50 ఏళ్లకు పైగా టైప్‌-1 మధుమేహంతో జీవించినవారిని పరిశీలించినప్పుడు, వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందిలో ఎంతో కొంత సీ-పెప్టైడ్ ఇంకా కనిపించింది. అర్ధ శతాబ్దం తర్వాత కూడా కొన్ని బీటా కణాలు బతికి ఉండడం శాస్త్రవేత్తలు ఊహించనిది. ఎన్ని కణాలను, ఎంతకాలం కాపాడగలిగితే అంత మేలు అన్న ఆలోచనకు ఇవన్నీ బలాన్నిచ్చాయి.

ఆ కాపాడే ప్రయత్నాల చరిత్ర ఆశానిరాశల మధ్య నలిగినది. 1980లలో ఫ్రాన్స్‌లోనూ కెనడాలోనూ అవయవ మార్పిడి రోగులకు ఇచ్చే సైక్లోస్పోరిన్‌ను కొత్త మధుమేహ రోగులకు ఇచ్చి చూస్తే, ఉపశమనం పొందినవారి సంఖ్య నిజంగానే పెరిగింది; కాని ఆ మందు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, ఆపగానే ఫలితం పోతుంది. ఆ ప్రయోగాల వల్ల మిగిలిన లాభం ఒక్కటే, రోగనిరోధక వ్యవస్థను శాంతపరిస్తే బీటా కణాలు నిలుస్తాయన్న నిరూపణ. ఆరంభంలోనే చక్కెరను అతి గట్టిగా అదుపు చేస్తే కణాలు కోలుకుంటాయేమోనన్నది రెండవ మార్గం. 1989లో అమెరికాలో కౌమారుల మీద జరిగిన చిన్న ప్రయోగంలో, రెండు వారాల పాటు యంత్రంతో ఇన్సులిన్ ఇచ్చి చక్కెరను సాధారణ స్థాయిలో ఉంచితే ఏడాది తర్వాత సీ-పెప్టైడ్ మెరుగ్గా ఉంది. మూడు దశాబ్దాల పాటు ఆ ఆశ నిలిచింది. కాని 2022లో బ్రిటన్‌లో 97 మంది పిల్లలకు, వ్యాధి తెలిసిన మూడు వారాల్లోపే, చక్కెరను బట్టి తనంతట తానే ఇన్సులిన్ ఇచ్చే పంపును గాని మామూలు చికిత్సను గాని ఇచ్చి రెండేళ్లు పరిశీలిస్తే, చక్కెర అదుపు పంపు వాడినవారిలో మెరుగ్గా ఉన్నా సీ-పెప్టైడ్‌లో తేడా రాలేదు. మంచి అదుపు బిడ్డ కళ్లకూ మూత్రపిండాలకూ ఎంతో అవసరం. రోగనిరోధక దాడిని ఆపడానికి మాత్రం అది ఒక్కటే చాలదని ఈ ఫలితం చెబుతోంది.

ఇటీవలి ఏళ్లలో ఆశకు ఎక్కువ ఆధారం ఇచ్చినవి మందులే. టీ కణాలను అదుపు చేసే టెప్లిజుమాబ్‌ను రెండవ దశలో ఉన్నవారికి 14 రోజులు ఇస్తే వ్యాధి బయటపడడం సుమారు రెండేళ్లు ఆలస్యమైందని 2019లో వెల్లడైంది. 2022 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిని ఆ అవసరానికి, 8 ఏళ్లు నిండినవారికి అనుమతించింది. కొత్తగా వ్యాధి తేలిన 8 నుంచి 17 ఏళ్ల పిల్లలకు అదే మందు ఇచ్చి చూసిన ప్రయోగంలో, 2023 నాటి ఫలితాల ప్రకారం, సీ-పెప్టైడ్ మెరుగ్గా నిలిచింది గాని ఇన్సులిన్ మోతాదులోనూ హెచ్‌బీఏ1సీలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రక్తపోటుకు దశాబ్దాలుగా వాడుతున్న చవకైన వెరపమిల్ మాత్రలు వాడిన పిల్లల్లో ఏడాది తర్వాత సీ-పెప్టైడ్ వాడనివారికంటే 30 శాతం ఎక్కువగా ఉందని, కీళ్లవాతానికి వాడే బారిసిటినిబ్ కూడా కణాలను కొంత నిలబెట్టిందని అదే ఏడాది తేలింది. ఇవేవీ వ్యాధిని నయం చేయలేదు, ఇన్సులిన్‌ను మాన్పించలేదు. గుండె మీద పని చేసే వెరపమిల్‌ను వైద్యుల పర్యవేక్షణ లేకుండా బిడ్డకు వేయడం ప్రమాదకరం. పరిశోధన సరైన దిశలో నడుస్తోందని మాత్రం నమ్మకంగా చెప్పవచ్చు.

అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో వేసిన అంచనా ప్రకారం 20 ఏళ్ల లోపు టైప్‌-1 మధుమేహ రోగులు ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా ఉన్నది భారతదేశంలోనే, సుమారు 2.29 లక్షల మంది. వీరికి ఖరీదైన మందుల కంటే ముందు అందవలసింది సకాలంలో రోగ నిర్ధారణ. ఇటలీలోని పార్మా నగర ప్రాంతంలో 1991లో వైద్యులు ఒక చిన్న పని చేశారు. పక్క తడపడం మానేసిన పిల్లలు మళ్లీ తడుపుతుంటే అది మధుమేహ లక్షణం కావచ్చని బొమ్మతో చెప్పే పోస్టర్లను బడుల్లో అంటించి, స్థానిక పిల్లల వైద్యులకు పరీక్షించే సాధనాలు ఇచ్చారు. అంతకు ముందు కొత్తగా వ్యాధి తేలిన 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో 78 శాతం మంది కీటోఅసిడోసిస్‌తో ఆస్పత్రికి వచ్చేవారు. తర్వాతి ఆరేళ్లలో అది 12.5 శాతానికి తగ్గింది. ఖర్చు పోస్టర్లకూ కాసిన్ని పరీక్ష సాధనాలకూ అయినదే. మన అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ పాఠశాలల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆ మాత్రం పని చేయలేకపోవడానికి కారణమేదీ లేదు. వాంతులు, కడుపునొప్పి ఉంటే అజీర్తి అనీ, ఆయాసం ఉంటే నిమ్ము అనీ, నీరసం ఉంటే గ్లూకోజు సెలైన్ ఎక్కించాలనీ అనుకునే ముందు ఒక్క చుక్క రక్తం పరీక్షించే అలవాటు ఊరి వైద్యం చేసేవారందరికీ రావాలి. బిడ్డ బిందెడు నీళ్లు తాగుతున్నా, రాత్రులు మాటిమాటికీ మూత్రానికి లేస్తున్నా, పక్క తడుపుతున్నా, బాగా తింటూ చిక్కిపోతున్నా, అదే రోజున గ్లూకోమీటరుతో పరీక్ష చేయించండి; అంకె 200 దాటితే తెల్లవారేదాకా ఆగకుండా, పిల్లలకు ఇన్సులిన్ ఇవ్వగల ఆస్పత్రికి తీసుకువెళ్లండి.